పాపకు జ్వరమని చెప్పిన ఆదివారాలు

మేము విడిపోయినప్పుడు పాప నా దగ్గర ఉండాలని, నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తండ్రి దగ్గరికి పంపాలని కోర్టు చెప్పింది. ఆయనకు నంద్యాలలో విత్తనాల అంగడి ఉంది. నేను ఆళ్లగడ్డలో మా పుట్టింట్లో ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పాప చదివేదీ అక్కడే.

మొదటి నాలుగు నెలలు పంపాను. తిరిగొచ్చాక పాప నోట అక్కడి కబుర్లే. నాయన దోశ మాడ్చినాడు, నాయన విత్తనాల బస్తాల మీద కూర్చోబెట్టి కథ చెప్పినాడు. వింటుంటే నాకు ఒళ్లు మండేది. కాపురం చేసినన్నాళ్లూ వంటింటి గడప తొక్కని మనిషి, నేను బయటికొచ్చాక దోశలు పోస్తున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన పాపను ఎన్నడూ కసరలేదు, ఒక్కసారి కూడా ఆలస్యంగా దిగబెట్టలేదు. అయినా ఐదో నెలలో, పాపకు జ్వరమని మెసేజ్ పెట్టాను. తర్వాత పరీక్షలన్నాను, అహోబిలంలో మొక్కు అన్నాను. ఆయన ప్రతిసారీ 'సరే' అని మాత్రం పెట్టేవాడు. ఆ సరే నాకు ధైర్యమైంది. పాపకేమో, నాయనకు అంగట్లో పని ఎక్కువగా ఉందట అని చెప్పేదాన్ని.

మళ్లీ జ్వరమని చెప్పిన ఒక ఆదివారం ఆయన మా వీధిలోకి వచ్చాడు. ఒక చేతిలో టెంకాయ బొండాలు, ఇంకో చేతిలో మందుల కవరు. పాప మిద్దె మీద తాడు తిప్పుకుంటూ గెంతుతోంది. ఎన్నిసార్లు గెంతిందో గట్టిగా లెక్కపెడుతోంది. ఆయన తలెత్తి చూశాడు, ఆ తర్వాత వాకిట్లో ఉన్న నన్ను చూశాడు. కేకలేస్తాడనుకున్నాను. వేసి ఉంటే నాకు సులువయ్యేది.

"జరం తగ్గినట్టుండాది," అన్నాడు.

 బొండాలు అరుగు మీద పెట్టాడు. "నేనొచ్చినట్టు పాపకు సెప్పొద్దు. నువ్వు అబద్ధమాడినావని తెలుస్తాది," అని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

అరుగు మీదే కూర్చున్న మా నాయన అంతా చూశాడు. అప్పటిదాకా నా తరఫునే మాట్లాడినవాడు, "నీకు సెడ్డ మొగుడే కావొచ్చు. పాపకేం సేసినాడు?" అని లోపలికి పోయాడు.

దాంతో నేను మారానని చెప్పుకోలేను. ఆయనకు ముఖం చూపించలేక ఇంకో రెండు నెలలు పంపలేదు. ఒకరోజు తరగతికి వెళుతుంటే వరండాలో పాప గొంతు వినబడింది. మీ నాయన ఏం చేస్తాడని స్నేహితురాలు అడిగినట్టుంది.

"నాకు నాయన ల్యాడు," అంది పాప. ఏడుపు లేదు, కోపం లేదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది.

ఆ ఆదివారం నేనే పాపను నంద్యాల బస్సెక్కించి తీసుకెళ్లాను. అంగడి ముందు ఆయనను చూసి పాప నా వెనక్కి పోయింది. నేను వాళ్లిద్దరి ఎదుటా చెప్పాను: నాయనకు పని లేదు, ప్రతిసారీ ఎదురుచూశాడు, నేనే పంపలేదు అని. పాప నన్ను చూసిన చూపు తట్టుకోలేక బస్తాల వైపు తిరిగాను. కోర్టుకు ఎందుకు పోలేదని ఆయనను అడిగాను.

"పాపను మళ్లా జడ్జి ముందర నిలబెడతారు. ఒగసారి నిలబెట్టింది సాలదా?"

పాప ఆయన దగ్గరికి పోవడానికి మధ్యాహ్నం దాటింది. ఇప్పుడు ఒక్క ఆదివారం కూడా తప్పడం లేదు. పోయిన నెల మాత్రం ఆయన అమ్మకు నిజంగానే బాగాలేక, పంపొద్దని ఆయనే ఫోన్ చేశాడు. ఆ మాటే పాపకు చెప్పాను. చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగి చెయ్యి చాపింది.

"ఫోన్ ఇయ్యిమా. నేను అడుగుతా."

ఇచ్చాను.