మోదుగ చెట్టు కింద పాత చీర

చిట్యాల దాటాక మా బస్సు టైరు పంక్చరయింది. మర్నాడు హోలీ. రోడ్డు పక్కన మోదుగ చెట్టు ఒక్క ఆకు కూడా లేకుండా విరగబూసి, గోరింకలతో, చిలుకలతో గోలగోలగా ఉంది. నా పక్క సీట్లోని అవ్వ గబగబా దిగి, సంచిలోంచి పాత చీర తీసి చెట్టు కింద పరిచింది.

మనవలకు రంగు కాచడానికి పూలు కావాలట. మాది కాకినాడ. హోలీ రంగంటే నాకు తెలిసింది దుకాణంలో పొట్లాలే. సాయం చేద్దామని కొమ్మ వంచబోయాను.

"ఆగు బిడ్డా! గా పిట్టలు తేనె తాగుతున్నయి, కనవడ్తలేదా?" అని కసిరింది.

"బస్సు వెళ్ళిపోతుందేమో అవ్వా."

"పోతే పోనియ్యి. రాలిందే మనది. పిట్ట పువ్వు పువ్వు తిరగకుంటే చెట్టుకు కాయ యాడికెల్లొస్తది?"

చిలుకలు కొరికి వదిలేసిన పూలు చీర మీద టపటపా రాలుతున్నాయి. ఒక గోరింక పువ్వులోంచి తలెత్తితే దాని నొసట పసుపు పుప్పొడి అంటుకుని ఉంది. అవ్వ రాలిన పువ్వొకటి నా చేతిలో పెట్టి, "జర నువ్వు గూడ తాగు" అంది. రేకులు విప్పి, మూతి లోపల పెట్టి పీల్చాను. లేత తీపి తగిలింది.

డ్రైవర్ హారన్ కొట్టేసరికి అనుకున్న పూలలో సగమే రాలాయి. అవ్వ మాత్రం ఏ చింతా లేకుండా మూట కట్టింది. బస్సు కదిలాక నా ముఖం చూసి పకపకా నవ్వి, నా ముక్కు మీది పుప్పొడిని కొంగుతో తుడవబోయి ఆగింది.

"ఉండనియ్యి బిడ్డా. ముందల ఇంకో మోదుగ చెట్టు కాడ బస్సు ఆగుతదేమో."