కలల నోటుబుక్కుతో తాండూరుకు

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. నిద్రలో ఉలిక్కిపడి లేచే పిల్లతో ప్రయాణం పెట్టుకునే పెద్దవాళ్లకు పనికొస్తుందని, నిన్నటి సంగతి మరిచిపోకముందే రాస్తున్నాను. మా అమ్మాయి ఉద్యోగ శిక్షణకని మూడు నెలలు హైదరాబాదులో ఉంటోంది. నాలుగేళ్ల మనవరాలు సాన్వి వికారాబాదులో నా దగ్గరే ఉంది. పదకొండు రోజులుగా రాత్రిళ్లు ఏడుస్తూ లేస్తోంది, నాన్న మీద బండ పడ్డదంటుంది. ఆ నాన్న, అంటే మా అల్లుడు, తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. పిల్ల ఈ వారంలో సరిగ్గా పడుకోకపోతే శిక్షణ వదిలేసి వచ్చేస్తానని అమ్మాయి ఫోన్‌లో తేల్చి చెప్పింది.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. పిల్ల లేచిన ప్రతిసారీ లైటు వేసి, కూర్చోబెట్టి, ఏం కనిపించిందో మొదటినుంచీ చెప్పించి, టైముతో సహా నోటుబుక్కులో రాసేదాన్ని. అన్ని పేజీల్లోనూ బండే ఉంది. పగటి వెలుతురులో నాన్ననూ బండలనూ చూపిస్తే భయం పోతుందనుకున్నాను.

పొద్దున తొమ్మిదింబావుకు రైలెక్కాం. నా టికెట్ ముప్పై ఐదు రూపాయలు. ఐదేళ్లు నిండలేదు కాబట్టి సాన్వికి అక్కర్లేదు. గంటలోపే తాండూరు. యూనిట్ దాకా ఆటో ఎనభై అని, అరవైకి ఒప్పుకున్నాడు. దారిలో పిల్లను మళ్లీ అడిగాను, బండ ఎంత పెద్దది, ఎటునుంచి పడిందని. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "టీచరమ్మవా అమ్మా? జర సెలవియ్యి పిల్లకు" అన్నాడు.

యూనిట్‌కు చేరాక, భయపడుతుందనుకున్న పిల్ల తడిబండ మీద చెయ్యి పెట్టి చల్లగుంది అంది. నాన్న భుజమెక్కి, కోత మిషన్‌ను దూరం నుంచి చూసి నవ్వింది. నాకేమీ అర్థం కాలేదు. బండలంటే భయమే లేకపోతే, పదకొండు రాత్రులు నేను రాసిందంతా ఏమిటి? సంచిలోంచి నోటుబుక్కు తీసి అల్లుడిని అదే అడిగాను. సాన్వి నవ్వు ఆగిపోయింది. నాన్న చెవిలో ఏదో చెప్పింది. అతను మొహమాటపడ్డాడు.

"ఏమంటోంది?" అన్నాను.

"కలలన్నీ గా బుక్కులనే ఉన్నయంట అత్తమ్మా. మీరు రాసి మంచం పక్కన పెడ్తరంట. గందుకే మళ్ల వస్తున్నయంటది."

సాన్వి ఆవరణలో పేర్చిన బండలవైపు వేలు చూపించింది. "గా బండ కింద పెట్టు నాయినా. లేవకుంట."

నోటుబుక్కు ఇచ్చేశాను. ఇద్దరు పనివాళ్లు బండ ఎత్తారు, అల్లుడు దాని కింద నోటుబుక్కు పెట్టాడు. సాన్వి బండెక్కి కూర్చుని, కదలదని రూఢి చేసుకున్నాకే అన్నానికి వచ్చింది.

తిరుగు రైలులో నా ఒళ్లో నిద్రపోయింది. ధారూరు దాటాక ఉలిక్కిపడి మూలిగింది. నోటిదాకా వచ్చిన ప్రశ్నను ఆపుకుని వీపు మీద చెయ్యి వేశాను. కళ్లు తెరవకుండానే మళ్లీ పడుకుంది. రాత్రి ఇంట్లో ఒకసారి లేచింది. లైటు వేయలేదు. "నేనున్న, పడుకో" అన్నాను, అంతే. ఎంతసేపటికి నిద్రపోయిందో చెప్పలేను, గడియారం చూడలేదు. ఆ భయం బండ వల్లనా, తల్లి దగ్గర లేకనా, నా వల్లనా అన్నది ఇంకా తేలలేదు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పించకుండా ఏ పిల్లనూ వదిలిపెట్టని దాన్ని. అడగకుండా ఉండటం ఎలాగో ఈ వయసులో నేర్చుకోవాలి కాబోలు. మీరు వెళ్తే మాత్రం, తిరుగు రైలు పిల్లలు మధ్యాహ్నం పడుకునే వేళకు ఉండేలా చూసుకోండి.

ఇక జరగాల్సినవి:

1. శిక్షణ వదలొద్దని అమ్మాయికి ఫోన్ చేయాలి. నోటుబుక్కు సంగతి దాచకుండా చెప్పాలి.
2. నా మంచం దగ్గర పెన్ను ఉండకూడదు.
3. పిల్ల తనంతట తాను కల చెబితే, పగలు, వినాలి.
4. అల్లుడు ఆ బండను ఎవరికీ అమ్మనివ్వకూడదు.