ఎలక్ట్రిక్ గిటార్ మీద నాట్ల పాట

మూడొందల మంది పెళ్ళిజనం ముందు, మైకులో, మా గిటార్ మేష్టారు "వీడు నా శిష్యుడు కాడు" అన్నారు. నేను చేసిన నేరం ఎలక్ట్రిక్ గిటార్ మీద వరినాట్ల పాట వాయించడం. అది అన్యాయం. అప్పుడే అన్నాను. ఇన్నేళ్ళ తర్వాతా అంటున్నాను. వినే ఓపిక మీకుంటే రేపూ అంటాను.

ఇప్పుడీ గొడవ ఎందుకు తవ్వుతున్నానంటే, మా పక్కింటి కోడలు మొన్న ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట ఏ పాటలు సాధన చెయ్యాలో ఫోనులో వెతుకుతోంది. గోడ ఇవతల నేనున్నాను, నన్ను అడగలేదు. (ధోవతి కట్టుకున్నవాడికి గిటార్ సంగతి ఏం తెలుసని కాబోలు.) అడగకపోయినా చెబుతాను. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ఆపైన చదివిందంతా రేడియోల వెనక అట్టమీద అంటించిన సర్క్యూట్ బొమ్మల్లోనే చదివాను. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు సర్టిఫికెట్టు అక్కర్లేదు.

ఆ రోజుల్లో ఏ కొత్త వస్తువైనా ఊళ్ళోకి ఒంటరిగా వచ్చేది కాదు, తన పొగరు కూడా వెంట తెచ్చుకునేది. సైకిలు వస్తే సైకిలున్నవాడు నడిచేవాడితో మాట్లాడేవాడు కాదు. రేడియో వస్తే రేడియో ఇంటివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అలాంటి కాలంలో బళ్ళారికి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది, దాన్ని తెచ్చినవాడి పొగరు ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆయన మద్రాసులో రెండేళ్ళు సినిమా వాద్యగాళ్ళ దగ్గర తిరిగి వచ్చాడు. ఎంత ఎండలోనైనా బూట్లు విప్పేవాడు కాదు, అందరూ మద్రాసు మేష్టారనేవాళ్ళు. పుట్టింది మా బళ్ళారి కోట వెనక సందులోనే అయినా, కోపం వచ్చినప్పుడు తప్ప మా మాట మాట్లాడేవాడు కాదు. ఆయన గిటార్ భుజానికి తగిలించుకునేది కాదు, ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించేది. దాని తీగ పక్కనున్న పెట్టెలోకి పోయేది, పాట ఆ పెట్టెలోంచి వచ్చేది.

ఆ పెట్టె వల్లే ఆయన నాకు దొరికాడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. మోకా నుంచి రోజూ పొద్దున బస్సులో బళ్ళారి వచ్చి, భాయ్ అని అందరూ పిలిచే ఒక పెద్దమనిషి రేడియో రిపేరు దుకాణంలో పని చేసేవాణ్ణి. మేష్టారి పెట్టె పాటకంటే ఎక్కువ గుయ్యిమంటోందని మా దగ్గరికి వచ్చింది. నేను ఒక వాల్వు మార్చి, రెండు తీగలు ఎడం చేసేసరికి నోరు మూసింది. మేష్టారు మురిసిపోయి, "ఈ పెట్టె బాధ్యత నీది, నీకు గిటార్ నేర్పే బాధ్యత నాది. జనం ముందు ఒక్కసారి తప్పు లేకుండా వాయించావంటే మా ఆర్కెస్ట్రాలో రెండో గిటార్ నువ్వే" అన్నారు. ఆ రెండో గిటార్ కుర్చీ కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. రేడియో లోపల బతికేవాడికి ఒక్కసారి రేడియో బయట వినబడాలని ఉండదా?

మొదటి పాఠానికి ఆయన ఒక ఇంగ్లీషు పుస్తకం తీశారు. దొరలు జంటలుగా నాట్యం చేసే పాటట. గొర్రెపిల్ల కాలవ దాటినట్టు ఒక్కో స్వరం ఇక్కడినుంచి అక్కడికి ఎగిరేది. నా చేతిలో కడ్డీ మాత్రం నిండుబస్సు, తలచినచోట ఆగేది కాదు. నెల రోజులు అదే. భాయ్ మధ్యాహ్నం నమాజుకు వెళ్ళిన ఆ కాస్త వ్యవధిలోనే, మేష్టారు దుకాణంలో వదిలిన పాత గిటార్ మీద నా సాధన. ఒకరోజు ఆయన తొందరగా తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"క్యా రే, లోపల బిల్లీ దూరిందా ఏంది?"

"పిల్లి కాదు భాయ్, ఇంగ్లీషు పాట."

"ఔనా! అట్లయితే ఇంగ్లీషు బిల్లీ. తలుపేసుకో, గిరాకీ పోతాంది."

నవ్వితే నవ్వండి, కానీ అసలు సంగతి గమనించండి. ఆ పాట నేను జన్మలో వినలేదు. వినని పాటలో తప్పు ఎక్కడ దొర్లిందో వాయించేవాడికి ఎలా తెలుస్తుంది? తప్పూ ఒప్పూ నా చెవికి కవలపిల్లల్లా ఉండేవి. భాయ్‌కీ తెలియదు, వీధికీ తెలియదు. తెలిసిన మేష్టారు వారానికొకసారి వచ్చి "టెంపో పోతోంది, టెంపో!" అని అరిచేవారు. ఎక్కడికి పోతోందో చెప్పేవారు కాదు.

అందుకని ఇంట్లో నా సొంత బడి పెట్టుకున్నాను. ఒక టేకు పలక మీద ఆరు తీగలు బిగించి, లారీ ఇంజనులోంచి వచ్చిన లావుపాటి ఉక్కు పిన్నొకటి కడ్డీగా పెట్టుకున్నాను. మోకాలో మా ఇంటికి అప్పటికి కరెంటు లేదు, పలకకు చెవి ఆనిస్తేనే వినబడేది. మా అమ్మ కాలవ కింద నాట్లకు పోయేది. నాట్లేసే ఆడవాళ్ళ వరసను మునుం అంటారు, ఆ మునుం ముందు పాట ఎత్తుకునేది మా అమ్మే. ఒక ఆదివారం ఆమె చేట పట్టుకుని బియ్యం ఏరుతూ ఆ పాటే కూనిరాగం తీస్తుంటే, పుస్తకం పక్కన పడేసి నేను కడ్డీని ఆ రాగం వెంట పంపాను. పోయింది! నెల రోజులుగా మొండికేసిన చెయ్యి ఇల్లు చేరిన ఎద్దులా పోయింది. అమ్మ తల కూడా ఎత్తకుండా, "ఆడ ఎగరగూడదు నాయనా, జారల్ల. నీళ్ళల్లో కాలు పెట్టినట్ల జారల్ల" అంది.

నాకు దొరికిన గురువులందరిలో అంత పొట్టి పాఠం చెప్పినవాళ్ళు లేరు. ఆ పాట ఐదు స్వరాలు దాటదు. ప్రతి చరణం రెండుసార్లు వస్తుంది, ముందు ఒకరు పాడతారు, తర్వాత మునుమంతా పాడుతుంది. అంటే ఒకసారి వినొచ్చు, ఒకసారి వాయించొచ్చు. నడుం వంచి నారు నాటే పనికి కట్టిన పాట కాబట్టి తొందరపడదు. తప్పితే వాకిట్లో పోయే ఆడమనిషి కూడా ఆగి "అట్ల కాదప్పా" అంటుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? గొంతు ఇదివరకే నేర్చిన పాటే వేలికి మొదట నేర్పాలి. ఇది నేను మేష్టారికి వినయంగానే చెప్పాను.

ఆయన పుస్తకం మూశారు. "ఇది కరెంటు మీద నడిచే వాద్యం. బురదలో పాడేవాటికి కాదు."

సరేనని తలూపాను. (ఆ తల ఊపుడు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.)

ఆ తర్వాత మోకా పక్కన వలస రైతుల క్యాంపులో పెళ్ళి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద మళ్ళు చేసుకుంటున్న ఒక రైతు కూతురి పెళ్ళి, మా మేష్టారి ఆర్కెస్ట్రా. తాళి కట్టడం అయింది, ఎండ మండుతోంది, భోజనాలు ఇంకా మొదలవలేదు. మా గాయకుడెక్కిన బస్సు దారిలో టైరు పగిలి ఆగిందని కబురు వచ్చింది. మేష్టారు గిటార్ నా ఒళ్ళో పెట్టి, "ఇదే నీ పరీక్ష. పుస్తకంలో మొదటి పాఠం వాయించు, అతను వచ్చేదాకా జనాన్ని నిలుపు" అని చెమట తుడుచుకుంటూ వేదిక అంచున నిలబడ్డారు.

వాయించాను. ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, ఆ ఒక్కరోజు తప్పు లేకుండా వాయించాను. మొత్తం అయ్యాక ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో, "ఇంగా శ్రుతి చేసుకుంటాండాడా? పాట ఎప్పుడు మొదలు పెడతాడప్పా?" అన్నాడు. జనం లేవడం మొదలుపెట్టారు. కుర్చీ ఒకటి ఖాళీ, రెండు ఖాళీ, తర్వాత వరసకు వరస. నా రెండో గిటార్ కుర్చీ కూడా వాటితోపాటు లేచి పోతున్నట్టనిపించింది. ఏమైతే అయిందని కడ్డీని అమ్మ పాట మీదికి జార్చాను.

ఒక చరణం అయింది. పందిరి వెనక, పొయ్యిల దగ్గర, మా అమ్మతో సహా నాట్లకొచ్చే ఆడవాళ్ళు కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. రెండోసారి రావలసిన చరణం అక్కడినుంచి వచ్చింది, ముప్ఫై గొంతులతో. లేచినవాళ్ళు కూర్చున్నారు. పెళ్ళికూతురు తండ్రి చేతులు జోడించి, "భలే ఉందండీ మేష్టారూ, కానివ్వండి!" అన్నాడు. నేను వాయించాను, వాళ్ళు పాడారు, పిల్లలు వేదిక ముందుకొచ్చారు. నా జీవితంలో అంత గట్టిగా నేనెప్పుడూ వినబడలేదు.

ఇంతలో గాయకుడు దిగాడు, తలకు నూనె, చేతిలో పాటల పుస్తకం. మేష్టారు నాకు ఆపమని సైగ చేశారు. నేను ఆపాను. పాట ఆగలేదు. మునుం గట్టు చేరేదాకా పాట ఆపే అలవాటు వాళ్ళకు లేదు. పందిట్లో గట్టు ఎక్కడుంటుంది? మేష్టారు వేదిక అంచుకు వచ్చి, "ఇంక చాలమ్మా, సుమ్నే ఉండండి!" అని, అంటే నోరు మూసుకోమని, అరిచారు. అక్కడే ఆయన మునిగిపోయారు. మా వైపు మడి పనిలో ఒక ఆచారం ఉంది. కాళ్ళు తడవకుండా గట్టున నిలబడి కేకలేసేవాడి మీద ఆడవాళ్ళు అప్పటికప్పుడు పాట కడతారు. వాడు నవ్వితే వదిలేస్తారు. కోపం తెచ్చుకుంటే ఇంకో చరణం. కోట వెనక సందులో పుట్టిన మనిషికి ఈ సంగతి తెలియదు. కత్తిపీట పక్కన పెట్టి, మా అమ్మ ఎత్తుకుంది:

"గట్టు మీద దొర చూడు, కాళ్ళ నిండా బూట్లు చూడు
బురద చూస్తే భయమంట, బువ్వ మాత్రం కావాలంట!"

ముప్ఫై గొంతులు అందుకున్నాయి. నవ్వు మేష్టారూ, ఒక్కసారి నవ్వండి, అని నేను మనసులో మొక్కుకున్నాను. ఆయన కాలు నేలకేసి కొట్టారు. ఇంకో చరణం వచ్చింది:

"తీగలైతే ఆరంట, తిక్కలైతే నూరంట!"

ఈసారి పెళ్ళికొడుకు కూడా పాడాడు. (ఇక్కడ నేను ఒక తప్పు చేశాను, ఒప్పుకుంటాను. ఆగిన చెయ్యి దానంతట అదే కడ్డీ అందుకుని ఆ చరణాన్ని వెనక వాయించింది. చాలా చక్కగా జారింది.)

మేష్టారు మైకు లాక్కున్నారు. మద్రాసు ఎక్కడికో పోయింది, కోట వెనక సందు బయటికొచ్చింది. "ఏమిరా, ఎలక్ట్రిక్ గిటార్ మీద కూలోళ్ళ పాటా? వీడు నా శిష్యుడు కాడు, వినుకోండప్పా అందరూ! వీడు నా శిష్యుడు కాడు!" గిటార్ నా ఒళ్ళోంచి తీసుకున్నారు. అమ్మ పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ, మైకు అక్కర్లేని గొంతుతో, "నీ శిష్యుడు కాకుంటే పోనీలేప్పా. నా శిష్యుడు. పా నాయనా, అన్నం తిందువు" అంది.

తిన్నాను. కానీ మండిపడుతూనే తిన్నాను. కుర్చీ పోయినందుకు కాదు. కూలోళ్ళ పాట అన్నందుకు. ఆ పందిట్లో ఆకుల్లో వడ్డించిన బువ్వంతా ఆ పాట పాడుకుంటూ నాటిందే కదా!

మరుసటి వారమే ఒక కార్డు రాశాను. "అయ్యా, ఆ పాట మొదటి పాఠానికి తగినదా కాదా? న్యాయంగా జవాబు ఇవ్వగలరు." జవాబు లేదు. ఏటా నాట్లు పడగానే ఒక కార్డు రాయడం అలవాటైంది. మొదట కోపంగా రాశాను, తర్వాత కారణాలు చూపిస్తూ రాశాను, ఆ తర్వాత ఐదు స్వరాలూ గీతలు గీసి రాశాను. నాకు సొంత దుకాణం వచ్చింది, పెళ్ళయింది, తల నెరిసింది, కార్డు మాత్రం మానలేదు. అమ్మ పోయిన ఏడు కూడా రాశాను, ఆ ఏడు కాస్త పొడుగ్గానే. పోస్టుమ్యాన్ నన్ను చూసి, "ఏందన్నా, ఈ తూరి కూడా అదేనా?" అని నవ్వేవాడు. అవును, అదే. ఇప్పుడు తలచుకుంటే ఆ కార్డుల మనిషి మీద నాకే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఊళ్ళో అందరికీ రేడియోలు బాగుచేసి, తన ఒక్క స్టేషను కోసం ఇరవై ఏళ్ళు ముల్లు తిప్పుతూ కూర్చున్నాడు పాపం.

ఇరవై ఒకటో కార్డుకు జవాబు వచ్చింది. వణికే అక్షరాలు. కోట వెనక సందు మాటలే, ఒక్క ముక్క కూడా మార్చకుండా ఇక్కడ దించుతున్నాను:

"నీ కార్డులన్నీ అందినాయి. పిల్లోళ్ళకి మొదటి పాఠంగా ఆ పాటే చెప్తాండా, శానా ఏండ్లుగా. యాడిది అని అడిగితే మద్రాసుది అని చెప్తాండా, అది మాత్రం నన్నేం అనొద్దు. ఆ దినం మీ అమ్మ నా మీద ఇంగా ఏమేమి కట్టిందో నాకు సగమే గుర్తుండాది, అది పాడి చూపిస్తే మిగతాది కూడా పిల్లోళ్ళకి కావల్లంట. ఒక ఆదివారం వచ్చి చెప్పిపో. నేను గట్టు మీద నిలబడను, కింద కూర్చుంటా."