రేకుల మీద చవుడు

మా నాయనను దొంగ అన్నారు. త్రిపురాంతకం దగ్గర బడికి ఆయన వేసిన ఇనుపరేకులు నాలుగేళ్లకే చిల్లులు పడ్డాయి. కొత్తవి అమ్ముకుని పాతవి వేశాడని బడి పని చూసిన ఓవర్సియరు ఊరంతా చెప్పాడు. తెల్లదొరల కాలం, ఆయన మాటకు ఎదురులేదు. ఎండ దిగకూడదని, మట్టిమిద్దెలకు పోసినట్టే ఆ రేకుల మీద చవుడు పోయించింది ఆ ఓవర్సియరే. ఆ ఉప్పుమన్ను తేమ పట్టుకుని కూర్చుంటే ఇనుము నిలుస్తుందా?

ఒక కొత్త రేకును రెండు ముక్కలు చేసి, ఒకదాని మీదే చవుడు పోసి, మా మిద్దె మీద ఉంచాను. కొన్నేళ్ల వానల తరువాత రెండూ ఓవర్సియరు ముందు పడేశాను. చవుడు పోసిన ముక్క జల్లెడైంది. రెండోది గట్టిగానే ఉంది.

“ఇప్పుడు చెప్పు సామీ, మా నాయన దొంగేనా?”

“కాదులేరా. చవుడు పొయ్యమనింది నేనే. నలుగురిలో మాత్రం అడగొద్దు.”