మూడు ఊళ్ళ డాక్టర్లు, ఒకటే మాత్ర

ఆ రోజు పొద్దున పాలు పోసే కోటమ్మ వాకిట్లో నిలబడి, "అన్నయ్యా, ఇవాళ గిన్నె పెట్టలేదేంటి?" అని కేకేసింది. వస్తున్నానమ్మా అనబోయాను. నోరు తెరుచుకుంది గానీ గొంతు పెగల్లేదు. మళ్ళీ ప్రయత్నిస్తే బొంగురుగా ఏదో శబ్దం వచ్చింది. అది నా గొంతులా లేదు. గిన్నె పట్టుకుని బయటికి వెళ్ళి పాలు పోయించుకున్నాను.

పక్షవాతం వచ్చేముందు మాట పడిపోతుందని ఎవరో అనగా విన్నాను. కోటమ్మ వెళ్ళాక అద్దం ముందు నిలబడి మూతి వంకర పోయిందేమోనని చూసుకున్నాను. బాగానే ఉంది. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. అంతకు ముందు రెండు రోజులూ గిన్నె అరుగు మీద పెట్టేసి నేను లోపలే ఉండిపోయాను. అంటే రెండు రోజులుగా ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదు. గొంతు అందుకే పట్టేసిందా, లేక నిజంగానే జబ్బా?

నేను ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశాను. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. అమృతలూరు దగ్గర ఒక పల్లెలో ఉంటాను. మాకు పిల్లలు లేరు. నా భార్య సుశీల పోయి అప్పటికి రెండేళ్ళయింది. రోజంతా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచిన మనిషిని. ఆ గొంతు మూగబోతే భయం వేయదా?

బస్సెక్కి తెనాలి వెళ్ళాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని కూర్చున్నాను. పక్కన దుగ్గిరాల నుంచి వచ్చిన దంపతులు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, ఆవిడకు ఆయన మీద కోపం. పసుపు ఉడకబెట్టే పని నుంచి అల్లుడి బుద్ధుల దాకా అన్నీ చెప్పారు, నేనూ నా సర్వీసు కబుర్లు చెప్పాను. మూడు గంటలు గడిచాయి. విసుగు అనిపించలేదు. అటెండరు నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా పిలిచాడు. ఆ పేరు అలా విని ఎన్నాళ్ళయిందో.

లోపలికి వెళ్ళేసరికి నా గొంతు గంటలా మోగుతోంది. "గొంతు బాగానే ఉందిగా," అన్నారు డాక్టరు గారు. బీపీ చూశారు. "వన్ సెవెంటీ బై హండ్రెడ్. ఇది ఎక్కువ. రోజూ ఒక టాబ్లెట్ వేసుకోవాలి. ఇంట్లో ఎవరుంటారు?"

"మా ఆవిడ ఉంటుందండి," అన్నాను.

ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియదు. ఎవరూ లేరంటే పక్కనున్న నర్సమ్మ అయ్యో అంటుందనేమో. లేక అలవాటేమో. "అయితే మాత్రలు ఆవిడ చేతికివ్వండి, మర్చిపోకుండా ఇస్తారు. నెల తర్వాత రండి," అన్నారు. అలాగేనండి అని వచ్చేశాను.

నాలుగు రోజులు బాగానే ఉన్నాను. అయిదో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే గుండెల మీద బరువు. ఎవరో అరచెయ్యి పెట్టి అదిమినట్టు ఉంది. తెనాలి వెళ్దామంటే నెల తర్వాత రమ్మన్నారాయె. వారం తిరక్కుండా వెళితే ఏమనుకుంటారోనని సిగ్గేసింది. మర్నాడు రేపల్లె వెళ్ళాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఒక డాక్టరు రాసిన చీటీ ఇంకో డాక్టరుకు చూపిస్తే నొచ్చుకుంటారని మా వైపు పెద్దవాళ్ళకు ఒక బెంగ ఉంటుంది. ఆయన మీద నమ్మకం లేక ఈయన దగ్గరికి వచ్చాడనుకుంటారు, లేదా ఈయన మీదా నమ్మకం ఉండదనుకుంటారు. అది మర్యాద అనుకుని తెనాలి ఫైలు ఇంట్లోనే పెట్టి వెళ్ళాను. ఈసీజీ తీశారు, టూడీ ఎకో చేశారు. అన్నీ నార్మల్. బీపీ మాత్రం ఇంకా ఎక్కువే ఉంది. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే లేదండి అన్నాను. "ఇంట్లో ఎవరుంటారు?" అంటే మళ్ళీ మా ఆవిడే. ఇంకో మాత్ర రాశారు.

డబ్బా వేరు, పేరు వేరు. తెనాలిది బీపీకి, రేపల్లెది గుండెకు అని నాకు నేనే నిర్ణయించుకుని రెండూ వేసుకోవడం మొదలుపెట్టాను.

అక్కణ్ణుంచి ఏది ముందో ఏది తర్వాతో నా బుర్రలో అంతా కలగాపులగం. కొన్నాళ్ళకు చీలమండలు వాచాయి. కళ్ళు తిరగడం మొదలైంది. వాపు అనగానే కిడ్నీలు అనుకుని బాపట్ల పరిగెత్తాను. అక్కడా అదే మర్యాద పాటించాను, ఇంట్లో మా ఆవిడ ఉంటుందనే చెప్పాను. క్రియాటినిన్ నార్మల్, యూరిన్ నార్మల్. అక్కడా ఒక మాత్ర. కిడ్నీలకు అది అనుకున్నాను. కొద్దిరోజులకే సోమవారం తెనాలి, బుధవారం రేపల్లె, శుక్రవారం బాపట్ల అన్నట్టు తయారైంది. రిపోర్టు కోసమనో, బీపీ చూపించుకోవాలనో ఏదో ఒక వంక. ఆసుపత్రి వరండాలో కూర్చున్నంతసేపూ ఏ బాధా ఉండేది కాదు. ఇంటికొచ్చి తాళం తీస్తే మళ్ళీ బరువు. మంగళవారాలూ గురువారాలూ ఆ మూడు ఫైళ్ళూ ముందేసుకుని, ఇన్ని నార్మల్‌లు ఉంటే నేను ఎందుకిలా ఉన్నానని చూస్తూ కూర్చునేవాణ్ణి. మతి పోతోందేమోనని కూడా భయపడ్డాను. సుశీల ఫొటో వంక చూసి, "మాత్రలు నువ్వు ఇస్తున్నావని చెప్పానే, ఏమనుకోకు," అన్నాను ఒకసారి.

ఒక శుక్రవారం బాపట్లలో ఫాస్టింగ్ బ్లడ్ టెస్టు ఉంది. పరగడుపున మాత్రలు మూడూ మింగి, అట్టలు సంచీలో పడేసుకుని బస్సెక్కాను. బాపట్ల దగ్గరపడ్డాక, బస్సు ఆగకముందే లేచి ఫుట్‌బోర్డు వైపు నడిచాను. బస్సు ఆగే దాకా లేవొద్దని లక్షసార్లు జనాన్ని కేకలేసి ఉంటాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, కళ్ళు చీకట్లు కమ్మి అక్కడే కూలిపోయాను.

మెలకువ వచ్చేసరికి నుదుటి మీద బొప్పి, నా తల ఒకమ్మాయి ఒళ్ళో ఉంది. ఆ బస్సు కండక్టరు పద్మ. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక్కో రోజు ఒక్కో రూటులో డ్యూటీ చేస్తుంది, నన్ను తరచూ చూస్తూనే ఉంటుంది. డ్రైవరుతో చెప్పి బస్సును పెద్దాసుపత్రి గేటు దాకా పట్టించి తనే లోపలికి తీసుకొచ్చింది.

అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ బీపీ చూసి, "ఎయిటీ బై ఫిఫ్టీ. సెలైన్ పెట్టండి," అంది. "పెద్దాయనా, ఏ మందులు వాడుతున్నారు?"

"బీపీ మాత్ర ఒకటండి."

"ఒకటి కాదు మేడమ్," అంది పద్మ. "ఈయన ఒకరోజు తెనాలి ఆసుపత్రి దగ్గర దిగుతారు, ఒకరోజు రేపల్లెలో, ఒకరోజు ఇక్కడ. ఏ రూటులో డ్యూటీ వేసినా నా బస్సులో ఈయనే. చేతిలో ఫైలు మాత్రం మారుద్ది."

"నీకెందుకమ్మా ఇవన్నీ?" అని కసిరాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడట్లేదనుకున్నాను ఇన్నాళ్ళూ.

"కోప్పడండి బాబాయిగారూ, పర్లేదు," అంటూ నా సంచీ తీసి డాక్టరమ్మకు ఇచ్చింది. మూడు రకాల అట్టలు, బాపట్ల చీటీ మంచం మీద పడ్డాయి. డాక్టరమ్మ ఒక్కోటీ వెనక్కి తిప్పి చదివింది.

"ఇవి మూడూ ఒకటే బీపీ మందు. ఎమ్లోడిపిన్. కంపెనీలు పెట్టిన పేర్లే వేరు. రోజుకి మూడు రెట్లు మింగుతున్నారు. కాళ్ళ వాపు దీనివల్లే, కళ్ళు తిరిగిందీ దీనివల్లే. మీ ఆవిడ ఎలా ఇచ్చారు ఇన్ని? చీటీ మీద భార్య చూసుకుంటారని రాసుందిగా. పిలిపించండి, ఆవిడతో మాట్లాడతాను."

నేను సెలైన్ సీసా వంక చూశాను. పద్మ ఫోన్ తీసి, "నంబరు చెప్పండి బాబాయిగారూ," అంది.

"లేదమ్మా. పోయి రెండేళ్ళయింది," అన్నాను.

"మరి మాత్రలు ఎవరిస్తున్నారు?" అంది డాక్టరమ్మ.

"నేనేనండి."

ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. అంత్యక్రియల నాడు కూడా అలా ఏడవలేదు. పద్మ కోసం బయట బస్సు ఆగి ఉంది, అయినా కాసేపు నిలబడింది. డాక్టరమ్మ కేస్‌షీట్ మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసింది. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. లివ్స్ అలోన్. అప్పటిదాకా అంతమంది రాసిన అన్ని కాగితాల్లో నా గురించి నిజం ఉన్నది ఆ ముక్క ఒక్కటే, నేను చెబితే కదా రాసేది.

మాత్రలు ఆపి మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. బీపీ మెల్లగా పైకి వచ్చాక ఒకే మాత్ర మొదలుపెట్టారు. రెండు వారాల్లో వాపు తగ్గిపోయింది. "మీరు బాగున్నారు. ఇక మూడు నెలలకు కనపడండి చాలు," అంది డాక్టరమ్మ.

సంతోషించాల్సిన మాట. మూడు నెలలు! జబ్బు తగ్గితే మనిషి భయపడతాడా? నేను భయపడ్డాను.

ఆ తర్వాత తొమ్మిదో రోజు మళ్ళీ గుండెల మీద బరువు. సంచీ తీసుకుని ఊరి స్టాపులో నిలబడ్డాను. తెనాలి బస్సు వచ్చింది, ఎక్కలేదు. రేపల్లె బస్సు వచ్చింది, ఎక్కలేదు. మూడోది పద్మ ఉన్న బస్సు. ఎక్కి కూర్చున్నాను.

"ఎక్కడికి బాబాయిగారూ?"

ముప్పై నాలుగేళ్ళు ఆ ప్రశ్న జనాన్ని అడిగినవాణ్ణి. "తెలీట్లేదమ్మా," అన్నాను.

పద్మ మిషను చేతిలోకి తీసుకుని, "బాపట్లకి టికెట్ కొడుతున్నా. ఆ మేడమ్ దగ్గరికే వెళ్ళండి. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి," అంది.

చెప్పాను. మూడు నెలలు చాలా ఎక్కువండి, అన్నాను. ఈసీజీ తీయించింది. నార్మల్. "ఇది గుండె జబ్బు కాదు," అంది. "అలాగని మీకేమీ లేదని కూడా నేననను. గుండెకి మాత్ర రాయగలను, దీనికి రాయలేను. కానీ వారానికోసారి మీ ఊరి హెల్త్ సెంటర్‌లో బీపీ చూపించుకోండి. అక్కడి నర్సుకు నేను ఫోన్ చేస్తాను. మీరు వెళ్ళకపోతే ఆమె మీ ఇంటికి వస్తుంది."

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. ప్రతి గురువారం హెల్త్ సెంటర్‌కు వెళ్తాను. మొదట ఊరికే కూర్చునేవాణ్ణి. ఒకరోజు జనం నర్సు మీద ఎగబడుతుంటే ఉండబట్టలేక, "ఒకరి వెనక ఒకరు, ముందుకు జరగండి," అని అరిచాను. అందరూ జరిగారు! అప్పట్నుంచి వరసలో నిలబెట్టడం, పేర్లు పిలవడం నా పని. ఇంటిపేరుతో సహా పిలుస్తాను. ఎవరొచ్చినా టికెట్ అడిగినట్టే మాత్రల సంచీ అడుగుతాను. నన్ను చూసి "చెకింగొచ్చాడర్రా" అని ఎగతాళి చేస్తారు. చేయనీ.

పూర్తిగా నయమైందా అంటే చెప్పలేను. కొన్ని ఆదివారాలు ఇప్పటికీ బరువుగానే ఉంటాయి. బీపీ నిజం, వాపు నిజం. ఆ మొదటి పొద్దున గొంతు పోవడం దేని లెక్కలోకి వస్తుందో ఏ రిపోర్టులోనూ లేదు.

నా అనుభవంతో ఒక్క సలహా చెబుతాను. మీరు మింగే ప్రతి మాత్ర అట్టనూ ఒకే సంచీలో వేసుకుని, ఏ ఊరి డాక్టరు దగ్గరికైనా ఆ సంచీతోనే వెళ్ళండి. ఎవరూ నొచ్చుకోరు. ఇంట్లో ఎవరుంటారని అడిగితే దానికీ నిజమే చెప్పండి, అది కూడా ఆ సంచీలో ఉండాల్సిందే.

పోయిన గురువారం హెల్త్ సెంటర్‌కు కొత్త నర్సు వచ్చింది. రిజిస్టరులో నా పేరు రాసుకుంటూ, "ఇంట్లో ఎవరుంటారు తాతయ్యా?" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా వింటున్నారు.

"నేనొక్కణ్ణేనమ్మా," అన్నాను. ఈసారి గొంతు పెగిలింది.