గూటి వాసన

మా ఇంట్లో కిరాయికి దిగినామె మీద కుళ్లుకున్నంతగా నేను ఈ జన్మలో ఇంకెవరి మీదా కుళ్లుకోలేదు. ఆమె తప్పేమీ లేదని ముందే ఒప్పుకుంటున్నాను. అయినా ఆమెను "అక్కా" అని పిలవడానికి నాకు నోరు రాలేదు.

నేను కామారెడ్డిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివే రోజులవి. మా ఇల్లు ఎల్లారెడ్డిలో. ఆమె భర్త దుబాయి పోయాడు. అత్తతో పొసగక మా ముందరి గదిలో దిగింది. నాకంటే రెండేళ్లు పెద్ద. మా అమ్మ బీడీలు చేసేది. వచ్చిన వారానికే ఆమె కూడా ఒక చాట ఒళ్లో పెట్టుకుని అమ్మ పక్కన చేరింది. ఇద్దరూ తడిపిన తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ, దారం కడుతూ పొద్దంతా ముచ్చట్లే. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేసేవారు.

నన్ను మాత్రం అమ్మ ఏనాడూ చాట ముట్టనివ్వలేదు. "నువ్వు సదువుకో పో" అని తరిమేది. నా తల దువ్వాలన్నా, అన్నం కలిపి పెట్టాలన్నా లేచి వెళ్లి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చేది, నేనేదో చుట్టపుచూపుగా వచ్చినట్టు. ఆమె తల మాత్రం ఆ తంబాకు చేతులతోనే దువ్వి జడ వేసేది. శనివారం బస్సు దిగి గేటు తీయగానే నా కంట పడేది ఆ జడే. ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడాది జువాలజీ ప్రాజెక్టుకు నేను చీమలను తీసుకున్నాను. పెరట్లో బట్టలుతికే బండ కింద నల్లచీమల గూడు ఉంది. బండ పక్కకు జరిపితే చీమల మధ్య నువ్వుగింజంత పురుగొకటి ఉరుకుతూ కనిపించింది. రెక్కల్లేవు, వెనక కాళ్లు లావు. కీచురాయి జాతిదేనట. బతుకంతా చీమల గూట్లోనే గడుపుతుందని మా లెక్చరర్ చెప్పారు. తమవాళ్లెవరో పరాయివాళ్లెవరో చీమలు వాసనతోనే పోల్చుకుంటాయి. ఈ పురుగు వాటి ఒంటిని రాసుకుని, నాకి, ఆ వాసనే తన ఒంటికి పట్టించుకుంటుంది. ఆ తర్వాత వాటి నోటి దగ్గర తిండి కాజేస్తుంది. చీమలు దాన్ని ఏమీ అనవు.

ఇంకేం కావాలి నాకు! నా నోటుబుక్కులో సైన్సు తగ్గింది, తిట్లు పెరిగాయి. ఓ ఆదివారం అమ్మ పోచారం చెరువు చేపలతో పులుసు పెట్టి, పెద్ద ముక్క తీసి ఆమె గిన్నెలో వేసింది. నేను ఊరుకోలేదు.

"అమ్మా, మన బండ కింద ఒక పురుగున్నది. గిట్లనే పక్కోళ్ల తిండి తిని బతుకుతది."

"మరి చీమలు కరవయా చెల్లె?" అంది ఆమె, పాపం నిజంగానే తెలియక.

"కరవయి. వాటికి అకల్ లేదు, తెలివి లేదు."

అమ్మ నా వైపు ఒక్క చూపు చూసి పులుసు గిన్నె లోపలికి తీసుకుపోయింది.

ప్రాజెక్టులో చివరి పని ఒకటి మిగిలింది. రెండు చీమల వీపు మీద గోళ్లరంగు చుక్కలు పెట్టాను. ఒకదాన్ని గూట్లోనే వదిలేశాను. రెండోదాన్ని డబ్బాలో వేసుకుని హాస్టల్‌కు తీసుకుపోయి, చక్కెరనీళ్ల దూది పెట్టి పదిహేను రోజులు బాగానే సాకాను. ఆ తర్వాత వచ్చిన శనివారం తెచ్చి గూటి ముందు వదిలాను. అది ఉరుక్కుంటూ లోపలికి పోబోయింది. దాని సొంత గూటి చీమలే అడ్డం వచ్చాయి. మీసాలతో తడిమి చూశాయి. ఒకటి కాలు పట్టుకుంది, ఇంకొకటి మీసం పట్టి గుంజింది. గూట్లోనే ఉన్న చుక్కచీమను మాత్రం ఏదీ ముట్టలేదు, అది తన దారిన తాను నడిచిపోయింది. ఆ పురుగు కూడా అక్కడే, ఎవరి ఒంటికో రాసుకుంటూ హాయిగా తిరుగుతోంది.

పుల్లతో నా చీమను విడిపించేసరికి దాని కాలొకటి పోయింది. నాకు ఏడుపొచ్చింది. నా ఒంటి మీద హాస్టల్ సబ్బు, బస్సు దుమ్ము తప్ప ఏముంది? ఇంటి వాసనంతా ఆమె దగ్గరే ఉంది.

అట్లాగే లేచి ముందరి గదిలోకి వెళ్లి, బీడీలు చుడుతున్న ఇద్దరి మధ్యా కూర్చుని తంబాకులో చెయ్యి పెట్టాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు బిడ్డా. ఈ వాసన ఒక్కసారి పట్టిందంటే పోదు."

"ఆమెకు పట్టలేదా?"

అమ్మ నోరు తెరిచేలోపే ఆమే నవ్వుతూ చెప్పింది. "నాకు పడితే ఏమైతది చెల్లె? నిన్ను ముట్టాలంటే అమ్మ రెండుసార్లు చేతులు కడుగుతది. నా తల దువ్వెటప్పుడు ఒక్కసారన్న కడిగిందా అడుగు."

నవ్వు ఆగిపోయింది, ఆమె చూపు మాత్రం నా మీదే నిలిచింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. శనివారం శనివారం ఆ గేటు దగ్గర నిలబడి నేను చూసిందీ అట్లాగే.

అమ్మ చాట పక్కన పెట్టి లేచింది. నా కళ్లు తడిగా ఉండడం చూసినట్టుంది. దగ్గరికి రాబోయి, ఆగి, తన చేతులు చూసుకుని నల్లా వైపు నడిచింది.

"కడుక్కోకుండ రా అమ్మా" అన్నాను.

నీళ్ల చప్పుడులో అమ్మకు వినపడలేదు. రెండోసారి సబ్బు రాసుకుంటోంది.