ముగ్గురు సప్లయర్లు, ఒకే లుంగీ

డెబ్భైల్లో, డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, విజయవాడలో బందరు కాలవ పక్కనున్న ఒక ఐసు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాను. ఫ్యాక్టరీ అంటే ఒక పాత కంప్రెసరు, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆపరేటరు, దిమ్మలు లాగే ఇద్దరు మనుషులు, వాళ్ళందరి మీదా నేను. ఆరు నెలలు పని చూసి పర్మనెంటు చేస్తానన్నారు ఓనరుగారు. మా అమ్మ మాత్రం మొదటి వారంలోనే, మావాడికి పర్మనెంటు అయిపోయిందని వీధంతా చెప్పేసింది. ఉద్యోగం ఊడితే నేనొక్కణ్ణే తల దించుకుంటే సరిపోదు.

అయిదో నెలలో కంప్రెసరు టకటకమనడం మొదలుపెట్టింది. పిస్టన్‌నీ, దాన్ని తోసే రాడ్డునీ కలిపే పిన్ను అరిగిపోయింది. అరచేతిలో పట్టే ఇనప ముక్క. దాన్ని తయారుచేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి స్పేరు దొరకదు, చేయించుకోవాల్సిందే.

"ఎండలు ముదిరేలోగా మంచి లేతు షాపు ఒకటి ఖాయం చెయ్యవయ్యా. మన ఐసు లేకపోతే బందరు చేపలు ఉయ్యూరు దాటకముందే కంపు కొడతాయి. ఎవరికిస్తావో నీ ఇష్టం. అది కుదిరితే నీ కాయితం మీద సంతకం పెట్టేస్తా," అన్నారు ఓనరుగారు.

నాకు అంతకంటే ఏం కావాలి? మొదటి జీతంతో కొన్న మైక్రోమీటరు ఉంది నా దగ్గర. మఖమలు పెట్టెలో పెట్టి, ఆపరేటరును కూడా ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. స్టోరులో పడున్న పాత పిన్నుల్లో అన్నిటికంటే బాగా మెరుస్తున్నదాన్ని ఏరాను. దాని నడుం మీద, మొహం కనిపించేంత నున్నగా ఉన్నచోట, మూడుసార్లు కొలిచాను. అంగుళంలో వెయ్యో వంతు వరకూ లెక్క తేల్చాను. ఆ వెయ్యో వంతుని షాపుల్లో థౌ అంటారు. థౌ అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది.

డ్రాయింగు గీశాను. కింద గళ్ళలో గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని రాసి మూడుచోట్లా నేనే సంతకం పెట్టాను.

ఆటోనగర్లో పేరున్న షాపులు మూడు ఎంచి, తలా ఒక డ్రాయింగూ, చూసుకోవడానికి తలా ఒక పాత పిన్నూ ఇచ్చాను. వారంలో శాంపిల్ చేసివ్వాలి, ఎవరిది కొలతకి నిలబడితే ఆర్డరు వాళ్ళకే అన్నాను. మొదటి షాపులో "దానికేమండీ, చేసేద్దాం" అని కాఫీ ఇచ్చారు. రెండో షాపులోనూ "దానికేమండీ" అనే అన్నారు, కాఫీ చిక్కగా ఉంది. మూడో షాపాయన గోళీ సోడా కొట్టించి, "మీకెందుకండీ, నా మీద వదిలెయ్యండి" అన్నాడు. మా వల్ల కాదనే మాట ఆటోనగర్లో నేను ఈ రోజు వరకూ వినలేదు.

వారానికి మూడు శాంపిళ్ళూ వచ్చాయి. మైక్రోమీటరు తీశాను. మొదటిది మూడు థౌలు ఎక్కువుంది. రెండోదీ మూడు థౌలు ఎక్కువే. మూడోదానిక్కూడా అంతే. పైగా మూడు డ్రాయింగుల మీదా, సరిగ్గా నేను వేసిన అంకె పక్కనే, నూనె బొటనవేలి ముద్ర. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఈ ఊళ్ళో పని తెలిసినవాడే లేడు, మద్రాసు నుంచి తెప్పించాలి అని ఇంగ్లీషులో పేజీన్నర నోటు రాసి ఓనరుగారి బల్ల మీద పెట్టి వచ్చాను.

శాంపిళ్ళు ఎవరివి వాళ్ళ మొహాన కొడదామని మళ్ళీ మూటలు కడుతుంటే అప్పుడు కనిపించింది. మూడింటికీ చుట్టిన గుడ్డ ఒకటే, నీలం గళ్ళ లుంగీ. పీలికలు పక్కపక్కన పెడితే గళ్ళకి గళ్ళు కలిశాయి.

సైకిలెక్కి మొదటి షాపుకి పోయి గుడ్డలు చూపించాను. ఆయన ఏమాత్రం మొహమాటపడలేదు.

"అంత సన్నం పని పటమట పెద్దాయన చెయ్యాల్సిందేనండీ. మాకెక్కడ వస్తుంది?"

"మరి మీ ముగ్గురూ ఏం చేస్తారు?"

"మేం తీసుకుంటామండీ."

ఆయనే వెంటబెట్టుకుని పటమటలో ఒక రేకుల షెడ్డుకి తీసుకెళ్ళాడు. అరవై దాటిన టర్నరు, పాత లేతు ముందు స్టూలు మీద కూర్చున్నారు. చొక్కా లేదు. ఆదివారం చర్చికి తప్ప వేసుకోరట. మజ్జిగ తెచ్చిచ్చిన ఆయన భార్య నా చేతిలో పీలికలు చూసి నాతోనే మొరపెట్టుకుంది.

"చూశారాండీ, కట్టుకునే లుంగీలు చించి ఇనప ముక్కలకి చుడుతున్నారు. మీరన్నా చెప్పండి."

నేను చెప్పడానికి వచ్చింది వేరు. "మూడు థౌలు ఎక్కువ చేశారేమండీ? డ్రాయింగు చూడలేదా?" అన్నాను, గొంతు కాస్త పెంచే.

"చూశానండీ. చాలా బాగా గీశారు," అన్నారు పెద్దాయన. పాత పిన్ను తీసి నా చేతిలో పెట్టి, "నడుం సరే, ఒక్కసారి కొసన కూడా కొలుస్తారా?" అన్నారు.

కొసన కొలిచాను. మూడు థౌలు ఎక్కువుంది.

కొస పిస్టన్‌లో కదలకుండా కూర్చుంటుంది, అరగదు. అరిగేది నడుమే. అరిగింది కాబట్టే అంత మెరుస్తోంది. నేను ఆ అరుగుదలనే వెయ్యో వంతుతో సహా కొలిచి, సరిచూసి, ఆమోదించి, అలాంటివే కొత్తవి చెయ్యమన్నాను. చేసుంటే అవి బిగించిన రోజు నుంచే టకటకలాడేవి.

"మరి చెప్పలేదేమండీ?"

"ఇంజనీరుగారు మూడు సంతకాలు పెట్టి పంపితే తప్పని ఎలా అంటామండీ? బాగోదు కదా. సరిగ్గా చేసి పంపితే పోలా?"

ఆర్డరు నేరుగా ఆయనకే రాస్తానంటే కంగారుపడిపోయారు. ఆయన ఎవరి గుమ్మమూ తొక్కి పని అడిగే మనిషి కాదట, ఆ ముగ్గురే తెచ్చిపెడతారట. ముగ్గురిలో ఎవరికి రాసినా ఫరవాలేదన్నారు.

నా పేజీన్నర ఇంకా ఓనరుగారి బల్ల మీదే ఉంది. దాన్ని అలాగే ఉండనిస్తే నా తప్పు ఎవరికీ తెలియదు. దారంతా సైకిలు తొక్కుతూ ఆ మాటే ఆలోచించానని ఒప్పుకోవాలి. చివరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన శాంపిల్ పిన్ను ఒకటి తీసుకుని ఆపరేటరు చేత బిగింపించారు. కంప్రెసరు తిప్పాక ముగ్గురం చెవి ఒగ్గి నిలబడ్డాం. టకటక లేదు.

"ఆ నోటు చింపెయ్యి. ఫైల్లో ఉంటే నీకూ బాగోదు, నాకూ బాగోదు," అన్నారు ఓనరుగారు. "ఇంతకీ ఎవరికిద్దాం?"

"చిక్కటి కాఫీ ఇచ్చిన ఆయనకండీ."

మర్నాడు నా కాయితం మీద సంతకమైంది. అమ్మ మాట ఇన్నాళ్ళకి నిజమైంది.

అప్పట్నుంచీ ప్రతి డ్రాయింగు అడుగునా పెన్సిలుతో, తేడా ఉంటే చెప్పండి అని రాసేవాణ్ణి. పెద్దాయన ఒక్కసారీ చెప్పలేదు. సరిగ్గా చేసి, లుంగీ గుడ్డలో చుట్టి పంపేవారు. నా తప్పేమిటో ముక్కని కొలిచి నేనే తెలుసుకునేవాణ్ణి.

కొన్నేళ్ళకి ఒక పిన్ను న్యూస్‌పేపర్లో చుట్టి వచ్చింది. కొలిస్తే అనుమానమేసి పటమట వెళ్ళాను. పెద్దాయన కంటి ఆపరేషన్ చేయించుకుని, కళ్ళకి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద ఉన్నారు.

"వచ్చిందాండీ పిన్ను? నేను పడుకున్నానని షాపువాళ్ళు పక్క షెడ్డులో చేయించారు. కొలత ఎలా ఉంది?" అన్నారు.

"అచ్చం నా డ్రాయింగులో ఉన్నట్టే ఉందండీ."

పెద్దాయన మొహం వాడిపోయింది. "అయ్యో," అంటూ చెయ్యి చాపి, తడుముకుని నా చెయ్యి పట్టుకున్నారు. "నేను లేచాక మళ్ళీ చేసిస్తాలెండి."